పళ్లావిడ బఠాణీ రంగు కారు

"ఇది చెల్లదమ్మా" అన్నాడు బండ్ల తనిఖీ అధికారి, కారు వెనక వంగి ఎడమ లైటు మీద గోటితో కొడుతూ. "ఇది కంపెనీ లైటు కాదు. ఎవరో చేత్తో చేసింది."

"ఎవరో కాదండీ, నేనే చేశాను" అంది మా తోటికోడలు.

అక్కడ మొదలైంది గొడవ. మా వెనక ఏడెనిమిది బండ్లు వరసలో ఉన్నాయి. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాను. తను వెనక నిలబడి లైట్లు చూపించాలి, లోపల బ్రేకు తొక్కడానికి ఒక కాలు కావాలి. ఆ కాలు కోసం నన్ను వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు గుడ్డ టాపు తీసేసి ఉంది కాబట్టి ప్రతి మాటా నా చెవిన పడింది.

"చేత్తో చేసినవి మేం ఒప్పుకోం."

"ఏ రూల్లో ఉందండీ? మీ గోడ మీద అంటించిన కాగితం రెండుసార్లు చదివాను. ఎర్రగా వెలగాలి, పట్టపగలు ముప్పై అడుగుల నుంచి కనపడాలి. అంతే ఉంది. ఎవరు చేశారన్నది అందులో లేదు. ముప్పై అడుగులు వెనక్కి నడవండి. అక్కా, బ్రేకు తొక్కు."

తొక్కాను. ఆయన నడిచాడు, చూశాడు, మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"ఇవాళ వెలిగింది సరే. ప్లాస్టిక్కు కదా, బల్బు వేడికి నెల తిరక్కుండా కరుగుతుంది. అప్పుడు ఎవరిది బాధ్యత?"

మా తోటికోడలు ఆయన పక్కకి వెళ్లి గొంతు తగ్గించింది. "మీ పై వరసలో ముందు నాలుగు పళ్లు కట్టించుకుని ఎన్నేళ్లయిందండీ?"

ఆయన చెయ్యి తిన్నగా నోటి మీదికి వెళ్లింది.

"రెండో పన్ను కాస్త పక్కకి తిరిగి ఉండాలి, పాతది అలాగే ఉండేది అని డాక్టరు గారు చీటీ రాసి పంపారు. చక్కటి పన్నుని కావాలని వంకరగా పెట్టడం నా సర్వీసులో అదొక్కసారే. అందుకే మీరు నోరు విప్పగానే గుర్తుపట్టాను. మీ కట్టుడు చిగురూ ఈ లైటూ ఒకే పొడితో చేసినవి. దీన్లో ఎరుపు ఎక్కువ కలిపాను, తేడా అదే. ఈ లైటు వెలగబట్టి పదేళ్లయింది, మీ నోట్లో రోజూ వేడి కాఫీ పడుతోంది. ఏదైనా కరిగిందా?"

ఆయన నీళ్లు నమిలాడు. నమిలిన పళ్లు కూడా ఆవిడవే. ముద్ర వేసి కాగితం చేతిలో పెట్టాడు. మేం సీట్లు మారి కదలబోతుంటే మాత్రం కిటికీ దగ్గరికొచ్చి, కింది వరస ఈ మధ్య వదులవుతోంది, ఏం చేయాలమ్మా అని అడిగాడు. "నోరు చూడడం డాక్టరు పని, అచ్చు చూడడం నా పని. ఆయన దగ్గరికెళ్లి అచ్చు తీయించుకోండి, నా దగ్గరికే వస్తుంది" అని చెప్పి గేరు వేసింది.

మా తోటికోడలి పని కట్టుడు పళ్లు చేయడం. ఊళ్లో పళ్ల డాక్టర్లందరూ ఆవిణ్ణి పళ్లావిడ అంటారు. మా ఇంట్లో నేను పెద్దకోడల్ని, తను చిన్నకోడలు. నేను చదివింది నాలుగో తరగతి, తను కాలేజీలో ఈ విద్య నేర్చుకుంది. అయినా తన గురించి రాయాల్సి వస్తే నేనే రాస్తాను. చదువుకున్నవాళ్లు రాస్తే తనకి మెరుగు పెట్టేస్తారు. మెరుగు ఎక్కువైన పళ్లు కట్టుడువని ఇట్టే తెలిసిపోతాయని తనే అంటుంది.

ఆ కారు మా మరిది కొన్నది. అప్పటికే దానికి ముప్పై ఏళ్లు దాటాయి. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, గుడ్డ టాపు, చక్రాలకి సైకిలుకున్నట్టు చువ్వలు, పచ్చి బఠాణీ రంగు. పందేలకి తయారు చేసిన కార్ల జాతి అట. నేల నుంచి జానెడు ఎత్తులో ఉంటుంది. దాన్లోకి ఎక్కడం ఉండదు, దిగడమే. బయటికి రావడానికి మాత్రం ఎక్కాలి.

మరిది దాన్ని అమ్మినవాళ్ల ఇంటి నుంచి నడుపుకుంటూ వచ్చి, ఇంటి పక్క షెడ్డులో పెట్టి, మీద కవరు కప్పాడు. ఆదివారం ఆదివారం కవరు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ కప్పేవాడు. బయటికి తీద్దామంటే మబ్బు పడితే వానొస్తుందనేవాడు, ఎండ కాస్తే రంగు వెలుస్తుందనేవాడు. "మంచి రోజు చూసి తీద్దాం" అనేవాడు. పన్నెండేళ్లలో అలాంటి రోజులు నాలుగు వచ్చాయి. అయిదోది రాకముందే గుండె ఆగి పోయాడు.

అతను పోయిన నెలకి మా తోటికోడలు షెడ్డు తలుపు తీసి, కవరు లాగి, మడత పెట్టి, వాకిట్లో చెత్తబుట్ట పక్కన పెట్టింది. నేను చూస్తూ ఊరుకునే రకం కాదు.

"ఏం చేస్తున్నావే?"

"రేపటి నుంచి పనికి దీన్లో వెళ్తానక్కా."

"వాడు కంటికి రెప్పలా చూసుకున్నాడు. అది వాడి గుర్తు. దాన్ని రోడ్ల మీద అరగదీస్తావా?"

తను తలుపు తీసి నన్ను లోపలికి చూడమంది. "సీటు చూడక్కా. మనిషి కూర్చుంటే తోలు మీద గుంట పడాలి. పన్నెండేళ్లలో ఆయన గుంట పడనే లేదు. గుర్తంటున్నావు, ఎక్కడుందో చూపించు."

జవాబు లేనప్పుడు నేను చేసే పనే చేశాను. రెండు నెలలు మాట్లాడడం మానేశాను.

రేపటి నుంచి అన్నది గానీ కారు కదలడానికి ఆ రెండు నెలలూ పట్టాయి. వాడకుండా ఉంచిన బండి పాడవదని మరిది నమ్మకం. రబ్బరు గొట్టాలన్నీ ఎండి బీటలు వారాయి. పెట్రోలు బంకలా చిక్కబడి కార్బురేటరులో గడ్డకట్టింది. ఎలుకలు సీటు కింద సంసారం పెట్టాయి. బ్రేకుల జోలికి మాత్రం తను వెళ్లలేదు, వాటిని ముసలి మెకానిక్కు చేత చేయించింది. మిగతాదంతా ల్యాబులో తన బల్ల మీదికి తెచ్చుకుంది. ఒక పక్క ప్లాస్టరు దవడలు, ఇంకో పక్క ఇంజను ముక్కలు. వెంట్రుకంత సన్నటి రంధ్రాల్ని పళ్ల సందులు గీకే కొక్కెంతో శుభ్రం చేసింది. ఎడమ లైటు అద్దం పగిలి ఉంటే అలాంటిది ఎక్కడా దొరకలేదు. కుడిది ఎదురుగా పెట్టుకుని, దానికి తిరగేసి ఉండేలా ఎడమది మైనంలో చెక్కింది. కుడి పన్నుని చూసి ఎడమ పన్ను చెక్కడం రోజూ చేసే పనే కదా. ఆ మైనం నుంచి అచ్చు తీసి, అచ్చులో చిగుళ్ల పొడి ముద్ద కూరి, వేడినీళ్లలో ఉడకబెట్టింది. ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, మాట్లాడడం మానేశానన్నాను గానీ చూడడం మానేశాననలేదు.

ఇక అప్పటి నుంచి పదేళ్లుగా రోజూ అదే కారు. పొద్దున ఏడున్నరకి చోకు లాగి స్టార్టు చేస్తుంది. చోకంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడు లాగి ఉంచాల్సిన చిన్న మీట. మన కారుది నిలవదు, వదిలితే లోపలికి జారిపోతుంది. అందుకని దాని మెడకి బట్టల క్లిప్పు ఒకటి తగిలిస్తుంది. రెండో మలుపు తిరిగేసరికి ఇంజను వేడెక్కుతుంది, అప్పుడు క్లిప్పు తీసేయాలి. తీయడం మర్చిపోతే పెట్రోలు ఎక్కువై, నల్లటి పొగ కక్కుతూ దగ్గి ఆగిపోతుంది. నా దండెం మీద క్లిప్పులు ఒకటొకటే మాయమవుతుంటే కాకుల్ని తిట్టాను చాలా రోజులు. ఒకరోజు ఆ కారులో నా నీలం క్లిప్పు కనపడింది. అడిగితే, "కొట్లో కొన్నవి విరుగుతున్నాయక్కా, నీవి గట్టివి" అంది, పొగిడినట్టు.

పక్క సీట్లో పళ్ల డబ్బాలు. వాటికి బెల్టు పెడుతుంది. నాలుగు ఆసుపత్రులు తిరిగి, చేసినవి ఇచ్చి, కొత్త అచ్చులు తీసుకుని తొమ్మిదింటికల్లా ల్యాబులో ఉంటుంది. వానాకాలంలో టాపు సందులోంచి సరిగ్గా ఎడమ మోకాలి మీదే నీళ్లు కారతాయి. దానికొక తువ్వాలు. చలికాలం సంగతి వేరు, వేడిగాలి గొట్టం ఒకసారి తెరుచుకుంటే మూసుకోదు, ఎండాకాలం వచ్చినా సరే. సిగ్నలు దగ్గర లారీల చక్రాలు తన మొహం ఎత్తుకి వస్తాయి. ఇన్ని అవస్థలు పడేది దేనికే అంటే, "ఏటిగట్టు మలుపు దగ్గర మూడో గేరులో పోతుంటే తెలుస్తుందక్కా" అనేది. అంతకంటే చెప్పేది కాదు.

నేను లొంగింది నా పళ్ల వల్ల.

నాకు పై పళ్లూ కింది పళ్లూ పూర్తిగా ఊడిపోయాక తనే సెట్టు చేసిచ్చింది. మేం మాట్లాడుకోవడం మళ్లీ మొదలైంది కూడా, డాక్టరు నా అచ్చు తీస్తుంటే తను పక్కన నిలబడ్డప్పుడే. నోటి నిండా ముద్ద ఉంటే ఎవరు మాత్రం ఎంతసేపు అలుగుతారు. ముత్యాల్లా చేసింది. అంత బాగున్నవాటిని రోజూ పెట్టుకుని అరగదీయడానికి నాకు మనసొప్పలేదు. శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. బయటికెళ్లినప్పుడు పెట్టుకుందామని. ఇంట్లో చిగుళ్లతోనే నమిలాను, మెత్తవే వండుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చి తీసి పెట్టుకుంటే, పై సెట్టు నిలవదు, కింది సెట్టు గుచ్చుకుంటుంది. నాసిరకం పళ్లు అంటగట్టావని తన ల్యాబుకెళ్లి, అక్కడ పనిచేసే ఇద్దరమ్మాయిల ముందే కడిగేశాను.

తను ఆ సెట్టుని బల్ల మీద పెట్టింది. ఒక మూల లేచి ఉంది.

"ఎక్కడ పెట్టావక్కా వీటిని?"

"జాగ్రత్తగానే పెట్టాను. పట్టుగుడ్డలో."

"నీళ్లలో కాదా?"

"నీళ్లలో పెడితే నానిపోవూ?"

ఆ అమ్మాయిలు తలొంచుకున్నారు. తను నవ్వలేదు. "తడి ఆరితే ఇవి వంకరపోతాయి. పైన పళ్లు లేకపోతే నీ చిగురు రోజురోజుకీ తగ్గిపోతుంది. నువ్వు దాచిన ఆరు నెలల్లో అవీ మారాయి, నీ నోరూ మారింది. ఇవి దాచుకునేవి కావక్కా. అన్నదమ్ములకైతే ఒకే ఇంట్లో పుట్టారు కాబట్టి పోలిక వచ్చిందనుకోవచ్చు, నువ్వు బయట నుంచి వచ్చి కూడా మా ఆయన బుద్ధి ఎక్కడ పట్టావు?"

నాలుక కరుచుకున్నాను. కరుచుకోవడానికి పళ్లు లేవు కాబట్టి నొప్పి పుట్టలేదు, అంతే తేడా. కొత్త సెట్టుకి మళ్లీ అచ్చు తీయించుకోవాలని డాక్టరు దగ్గరికి తన కారులోనే తీసుకెళ్లింది. దాన్లో నేను కూర్చోవడం అదే మొదలు. ఏటిగట్టు మీద మలుపు దగ్గర గేరు మార్చింది. గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం వచ్చింది ఇంజనులోంచి, వీపు సీటుకి అతుక్కుపోయింది, నీటి వాసన మొహానికి తగిలింది. తిరుగు ప్రయాణంలో, దగ్గర దారి వద్దు, గట్టు మీదుగా పోదాం అన్నాను. తను నా వైపు చూడకుండా సరే అంది.

నాకు బండి తెలియదని కాదు. మా ఆయనకి రొట్టెల బట్టీ ఉండేది. ఇరవై రెండేళ్లు రొట్టెల వ్యాను నడిపింది నేనే. తెల్లారకముందే నలభై దుకాణాలు తిరిగేదాన్ని. బట్టీ మూసేశాక వ్యాను పోయింది, ఎనిమిదేళ్లుగా నా చేతిలో ఎవరూ తాళం పెట్టలేదు. అడిగి పెట్టించుకోవడం నాకు రాదు. ఆ తనిఖీ రోజున బ్రేకు తొక్కినప్పుడు నా కాలికి అదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. లైసెన్సు మాత్రం ప్రతిసారీ గడువు దాటకుండా మార్పించుకుంటూనే ఉన్నాను. ఎందుకని మా ఆయన అడిగితే, ఫొటో బాగా పడిందని చెప్పాను.

ఆ తనిఖీ నెగ్గిన నెలకే తన ఎడమ తుంటి మొరాయించింది. ఆ కారు క్లచ్చు రాయిలా ఉంటుంది, తొక్కేది ఎడమ కాలితోనే. కొన్నాళ్లు కుంటుతూ నడిపింది, కొన్నాళ్లు నొప్పి లేదని అబద్ధమాడింది. చివరికి ఎముకల డాక్టరు ఫొటో తీసి, కీలు అరిగిపోయింది, మార్చాలి అన్నాడు. ఆపరేషను తర్వాత మూడు నెలలు స్టీరింగు ముట్టకూడదు.

"నీకు కట్టుడు పళ్లు, నాకు కట్టుడు తుంటి. ఇద్దరం సరిపోయాం" అంది నాతో.

తను భయపడింది కత్తికి కాదు. ఆ మూడు నెలలకి. అంతకుముందే తన కూతురు, మందుల షాపు నడుపుతుంది, మంచి పిల్ల, అమ్మంటే ప్రాణం, ఒక కొత్త కవరు కొనుక్కొచ్చింది. నాతోనే మొదట చెప్పింది.

"పెద్దమ్మా, నువ్వయినా అమ్మకి చెప్పు. ఆపరేషను అయ్యాక క్లచ్చు లేని చిన్న కారు తీసుకుందాం. దీన్ని నాన్న ఉంచినట్టే ఉంచేద్దాం. అందంగా ఉంటుంది."

"అమ్మేమంది?"

"ఏమీ అనలేదు. ఈసారి అసలు ఏమీ అనలేదు. అదే నాకు బాగోలేదు."

నాకూ బాగోలేదు. తనిఖీ అధికారి నోరు మూయించిన మనిషి కూతురు ముందు నోరు విప్పలేదంటే, తుంటితో పాటు ధైర్యం కూడా అరిగిందన్నమాట. మూడు నెలలు కవరు కింద ఉంటే నాలుగో నెల తీయడం కుదరదు, ఏదో ఒక వంక దొరుకుతుంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పన్నెండేళ్లు పక్కనే ఉండి చూసింది కదా.

ఆసుపత్రిలో చేరే రోజు పొద్దున వెళ్లాను. తను కర్ర పట్టుకుని షెడ్డులో నిలబడి ఉంది. కూతురు కొత్త కవరు చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉంది. మడత ఇంకా విప్పలేదు.

నన్ను చూసి మా తోటికోడలు అడిగింది. "అక్కా, నీ లైసెన్సు ఎప్పటిదాకా ఉంది?"

"నాకు డెబ్బై ఒకటి" అన్నాను.

"నీ వయసు అడగలేదు."

"ఇంకో రెండేళ్ల దాకా ఉంది."

కూతురు ఉలిక్కిపడింది. "అమ్మా, పెద్దమ్మ చేత నడిపిస్తావా?"

"మీ పెద్దమ్మ ఇరవై రెండేళ్లు వ్యాను నడిపింది. ఒక్క రొట్టె నలగలేదు. పళ్లు రొట్టెలంత మెత్తన కూడా కాదు." కూతురితో అంతే అని నా వైపు తిరిగింది. "ల్యాబులో పని ఆగదు, అమ్మాయిలు చేస్తారు. కానీ వాళ్లకి బండి రాదు. నాలుగు ఆసుపత్రులకీ పళ్లు నువ్వందించాలి."

"దానికి ఆటోలు లేవా?" అన్నాను. అడిగించుకోవాలని ఉంది నాకు. ఎనిమిదేళ్లయింది మరి.

తనకి అర్థమైంది. దగ్గరికొచ్చింది, కర్ర చప్పుడు చేసుకుంటూ. పళ్లు పెట్టే చిన్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. తెరిచి చూస్తే తాళంచెవి, దాని పక్కన నా నీలం క్లిప్పు.

"ఆటోలున్నాయి. నిన్నే అడుగుతున్నానక్కా. రోజూ తియ్యి. వానొస్తే తువ్వాలు సీటు వెనక ఉంది, ఆగొద్దు. ఎండ కాస్తే రంగు వెలుస్తుందని ఆగొద్దు. మంచి రోజు చూడొద్దు. నీ సీటు గుంట దాన్లో పడినా ఫరవాలేదు, నాదాని పక్కన నీదీ ఉంటుంది. ఇంటికొచ్చాక దాని మీద ఏదీ కప్పొద్దు, ఎవరు తెచ్చినా సరే. ఇంకొకటి, రెండో మలుపు దగ్గర క్లిప్పు తియ్యడం మర్చిపోవద్దు."